సారు చెట్టు

ఉద్యాన శాఖలో కొత్తగా చేరిన ఒకమ్మాయి ఆ మధ్య పెర్కిట్‌లో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. "ఫీల్డులో పనికొచ్చే మాటలు నాలుగు చెప్పండి సార్" అని అడిగింది. చెబుదామని కూర్చుంటే నాకు పథకాలూ గుర్తు రాలేదు, ప్రమోషన్లూ గుర్తు రాలేదు. ఒక బత్తాయి చెట్టు గుర్తొచ్చింది. ఆ పిల్లకు చాయ్ ఇప్పించి, పొద్దున్నే తోటకు పోవాలి, రైతుతో మర్యాదగా ఉండాలి లాంటి మాటలు నాలుగు చెప్పి పంపేశాను. ఆమెకు చెప్పకుండా మింగేసింది ఇక్కడ రాస్తున్నాను. ఇది చదివాక ఉద్యోగం మీద ఉత్సాహం పెరుగుతుందని మాత్రం మాట ఇవ్వలేను.

పసుపు మధ్యలో బత్తాయి

ఆర్మూరు పక్కన పసుపు పండించే రైతుకు వ్యవసాయం నేర్పుదామని ఎవరూ బయల్దేరకండి. విత్తడం, తవ్వడం, ఉడకబెట్టడం, మెరుగు పట్టడం అన్నీ వాళ్ళకు పుట్టుకతో వచ్చినట్టే ఉంటాయి. నేను ఉద్యాన అధికారిగా అక్కడికి వచ్చిన కొత్తలో ఈ సంగతి నాకు తెలియదు. ఎవరికైనా ఏదో ఒకటి నేర్పాలనే దురద మాత్రం దండిగా ఉండేది.

అప్పుడు దొరికాడు భూమన్న. ఏర్గట్ల దగ్గర నాలుగెకరాలు, ఒక బావి, ఒక బోరు. దుంపకుళ్ళు తగిలి వరసగా రెండేళ్ళు పసుపు పోగొట్టుకుని ఉన్నాడు. మాట తక్కువ మనిషి. నేను ఆయన ఇంటి చుట్టూ తిరిగి తిరిగి, పసుపు మానేసి బత్తాయి తోట పెట్టమని పోరాను. ఆయన వింటూ కూర్చునేవాడు. అడగాల్సింది ఆయన భార్య లసుమవ్వ అడిగింది.

"చెట్లు కాసేదాంక మేమేం తినాలె సారూ?"

"సాళ్ళ మధ్యన సోయా వేసుకోండి, పెసర వేసుకోండి. అయిదేళ్ళు ఓపిక పట్టండమ్మా. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు నీడన కూర్చుని తినొచ్చు."

ఆ ముప్పై ఏళ్ళ మాట నాదే. దాన్ని ఎక్కడా చదివి చెప్పలేదు, నోటికొచ్చింది అనేశాను. లసుమవ్వ మాత్రం దాన్ని రాతకోతల కంటే గట్టిగా పట్టుకుంది. తొంభైల చివర మొక్కలు నాటారు. రెండు వేల సంవత్సరం దాటాక తోట కాపుకొచ్చింది. మొదటి కాపు చూసి నా కళ్ళు నెత్తికెక్కాయి. ఆర్మూరు వచ్చిన ప్రతి అధికారినీ ఏదో ఒక వంకతో ఆ తోటకు తీసుకుపోయేవాణ్ణి.

గట్టు మీద నుంచి వైద్యం

రెండో కాపప్పుడు బావి పక్క చెట్టుకు ఒక్క కొమ్మ పసుపు రంగుకు తిరిగింది. మిగతా చెట్టంతా నవనవలాడుతూనే ఉంది. భూమన్న కబురు చేశాడు. ఆ రోజు నాకు ఇంకా మూడు ఊళ్ళ తిరుగుడు ఉంది. గట్టు మీద జీపు ఆపించి, దిగకుండానే చూసి, "జింకు లోపం. పిచికారీ రాసిస్తాను, కొట్టు" అన్నాను.

నన్ను నేను వెనకేసుకు రావడం కాదు గానీ, ఆ మాట పిచ్చిమాటేమీ కాదు. ఆ నేలల్లో బత్తాయికి జింకు లోపం మామూలే. ఆకు మీద ఈనెలు పచ్చగా ఉండి మధ్యన పసుపు తేలితే అందరం అదే అనేవాళ్ళం, చాలాసార్లు అదే అయ్యేది కూడా. ఉద్యోగంలో మనల్ని ముంచేది తెలియనితనం కాదు, రోజూ ఇచ్చి ఇచ్చి అలవాటైపోయిన జవాబు.

నెల తిరిగేసరికి వానలు పడ్డాయి. చెట్టు కొత్త చిగురు వేసింది. పసుపు కొమ్మ చిగురు చాటుకు పోయింది. "సారు మందుతోని చెట్టు లేసింది" అని ఊళ్ళో చెప్పుకున్నారు. అప్పట్నుంచి దానికి 'సారు చెట్టు' అని పేరు పడింది. వద్దనలేదు నేను. లోపల మురిసిపోయాను.

మరుసటి ఏడు ఇంకో వింత. తోటలో ఏ చెట్టూ పూయని కాలంలో సారు చెట్టు ఒక్కటే విరగబూసింది. బజారులో బత్తాయి కనపడని రోజుల్లో దానికి కాయలు వేలాడాయి. చూడ్డానికి జనం వచ్చారు. భూమన్న తమ్ముడు వచ్చాడు. ధర్పల్లి నుంచి లసుమవ్వ అన్న రాజన్న వచ్చాడు. వచ్చినవాళ్ళంతా అడిగింది ఒక్కటే: "గా చెట్టు పుల్లలు మాకు గావాలె, అంటు కట్టుకుంటం."

కాలం కాని కాలంలో పూయడం రోగం లక్షణమని అప్పుడు నాకు తెలియదు. పుస్తకంలో ఉండే ఉంటుంది. నేను చదవలేదు.

అడిగితే కాదనని చెయ్యి

పసుపు రైతుల్లో ఒక పద్ధతి ఉంది. విత్తనం కొమ్ముల కోసం బజారుకు పోరు. ఎవరి చేను బాగా పండితే వాళ్ళింటికి చుట్టాలు పోతారు, విత్తనం అడుగుతారు. అడిగినవాళ్ళను కాదనకూడదు. ఇచ్చినవాడికి అది పరువు. "ఫలానావాళ్ళ విత్తనం మా చేన్ల ఉన్నది" అని చెప్పుకోవడం చుట్టరికానికి ఇంకో ముడి వేసుకోవడం. పెళ్ళికి పిలవకపోతే ఎంత కోపం వస్తుందో విత్తనం అడిగితే లేదన్నా అంత కోపం వస్తుంది.

బత్తాయికీ వాళ్ళు ఇదే పద్ధతి పట్టారు. నర్సరీకి పోయి, తల్లిచెట్టు ఏమిటో పరీక్ష చేసిన మొక్కలు కొనుక్కోండని చెప్పాల్సింది నేను. చెప్పకపోగా, 'నా చెట్టు' అని ఎగబడుతుంటే నాకు గర్వంగా ఉంది. కత్తెర పట్టుకుని నా చేతులతో నేనే సారు చెట్టు నుంచి మంచి కళ్ళున్న, అంటే మొగ్గలున్న పుల్లలు ఏరి ఏరి కోశాను. భూమన్న బావి దగ్గరే జంబేరి నిమ్మ మొక్కలు పెంచి వాటి మీద అంటు కట్టించాను.

అంటు కట్టిన మనిషి మహబూబ్ భాయ్. ఆర్మూరులో గులాబీల నుంచి మామిడి దాకా ఆయన చెయ్యి పడితే అతుక్కోని అంటు లేదని పేరు. చదువు రాదు. పని మధ్యలో లసుమవ్వ ఇచ్చిన బత్తాయి ఒకటి వొలుచుకు తిని, గింజలు అరచేతిలోకి ఉమ్మి, నా ముందు పెట్టాడు.

"సాబ్, జర గీ గింజలు చూడుండ్రి. నల్లగయినయ్, సొట్టలువోయినయ్. పండు గూడ ఒక దిక్కు వంకరున్నది. తినబోతే చేదొస్తున్నది."

"అకాలం కాయ కదా భాయ్, అట్లనే ఉంటది."

"ఏమో సాబ్. సచ్చిన గింజలున్న చెట్టు పుల్ల కట్టాల్నంటే నా దిల్‌కు మంచిగనిపిస్తలేదు."

"నీ దిల్ చెప్పినట్టు కాదు, నేను చెప్పినట్టు కట్టు" అన్నాను, నవ్వుతూనే. ఆయనా నవ్వి, కత్తి తుడుచుకుని మళ్ళీ పనిలో పడ్డాడు. నా ఉద్యోగం మొత్తంలో నాకు సరైన సమయంలో సరైన మాట చెప్పిన మనిషి ఆయన ఒక్కడే. ఆయనను నవ్వుతూ తోసిపుచ్చానన్నది నన్ను ఇప్పటికీ పీకుతూనే ఉంటుంది. గదిమి ఉంటే ఇంకోసారైనా వాదించేవాడేమో.

మొక్కలు చుట్టాల చేలకు పోయాయి. భూమన్న తమ్ముడి చేనుకు, ఊళ్ళోనే ఇంకో ఇద్దరికి, ధర్పల్లిలో రాజన్నకు. రాజన్న అందరికంటే ఎక్కువ తీసుకున్నాడు. ట్రాక్టరుకు పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి మరీ తీసుకుపోయాడు. లసుమవ్వ తన పుట్టింటికి పిల్లను పంపినంత సంబరపడింది.

ఆకు మడిచి చూడటం

ఆ తర్వాత రెండేళ్ళకు తోట మందగించింది. సారు చెట్టు ఒక పక్క ఎండిపోయింది. దాని చుట్టూ ఉన్న చెట్లకు ఒక్కొక్క కొమ్మ చొప్పున పసుపు తేలింది. కాయ చిన్నదైంది, అడుగున పచ్చగానే ఉండిపోయి రాలిపోయేది. నేను జింకు కొట్టించాను, ఇనుము కొట్టించాను, ఎరువు మార్పించాను. ఉచిత కరెంటు వచ్చిన కొత్త అది. నీళ్ళు ఎక్కువ పెడుతున్నావని భూమన్న మీదే కేకలేశాను.

చివరికి ఒక పరిశోధన కేంద్రం నుంచి ఒక శాస్త్రవేత్త వచ్చింది. బక్కపలచటి మనిషి, మెళ్ళో చిన్న భూతద్దం. నాలా గట్టు మీద నిలబడలేదు. నేరుగా చెట్టు కిందికి దూరి, ఒక ఆకు తెంపి, నడిమి ఈనె దగ్గర నిలువునా మడిచి, వెలుతురుకు ఎత్తి పట్టుకుంది.

"చూడండి. జింకు లోపమైతే రెండు సగాలూ ఒకేలా పసుపు తిరుగుతాయి. ఇక్కడ ఒక సగంలో ఉన్న మచ్చకు రెండో సగంలో జత లేదు. ఇది జింకు కాదండి."

అంతే. క్షణం పట్టలేదు. జీపు దిగి ఒక ఆకు తెంపి మడిచే పని. నేను ఏళ్ళ తరబడి చెయ్యని పని. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆమె తర్వాత బావి గట్టున ఉన్న కరివేపాకు చెట్టు దగ్గరికి పోయి లేత చిగురు వంచి చూపించింది. నువ్వుగింజంత పురుగులు, తల దించి వెనక భాగం పైకెత్తి ఏటవాలుగా కూర్చున్నాయి. ఆ పురుగు రోగం ఉన్న చెట్టు రసం పీల్చి ఇంకో చెట్టు మీద వాలితే, దాని కడుపులో ఉన్న బ్యాక్టీరియా కొత్త చెట్టు రసనాళాల్లోకి దిగుతుంది. కరివేపాకు ఆ పురుగుకు ఇష్టమైన కాపురం. ఇది విని లసుమవ్వ మొహం పాలిపోయింది.

"కూరల ఏస్కునే కల్యామాకేనమ్మా? నా చేతులతోని పెట్టిన చెట్టది."

"నీ తప్పేం లేదమ్మా. పురుగు ఎక్కడైనా ఉంటుంది" అంది శాస్త్రవేత్త. ఆ తర్వాత నా వైపు తిరిగి గొంతు తగ్గించి అడిగింది. "ఈ తోట నుంచి అంటుపుల్లలు ఎవరికైనా పోయాయా? పురుగు దాని దారిన అది పోతుంది. పుల్లలతో పోతే మాత్రం మనమే మోసుకెళ్ళి ఇచ్చినట్టు."

"కనుక్కుంటాను" అన్నాను.

క్షీణత

కొన్ని వారాలకు పరీక్ష ఫలితం వచ్చింది. గ్రీనింగ్ తెగులు. మందు లేదు. రోగం తగిలిన చెట్టును వేళ్ళతో సహా తీసెయ్యాలి. చిగురు వేసే కాలంలో చుట్టుపక్కల తోటలన్నీ ఒకేసారి పురుగుమందు కొట్టాలి. ఒక్కడు కొట్టి పక్కవాడు కొట్టకపోతే లాభం లేదు.

ఆ కాగితం పట్టుకుని మా పై అధికారి దగ్గరికి పోయాను. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, తిప్పి బల్ల మీద పెట్టాడు.

"ఆ తోటను మన ఆదర్శ తోట అని అందరికీ చూపించినం. ఇప్పుడు గ్రీనింగ్ అని రాస్తే మొక్కలెవరిచ్చారు, పుల్లలెవరు కోశారు అని నిన్నే అడుగుతరు. క్షీణత అని రాయి. చెట్లు క్షీణించినయ్, అబద్ధం కాదు గదా."

అబద్ధం కాదు. అంతకంటే అన్యాయమైన మాట అది. క్షీణత అంటే రైతు ఎరువు వేస్తాడు, గొడ్డలి తియ్యడు. ఆయనను తిట్టి నేను తప్పించుకోలేను, ఎందుకంటే ఆయన నన్ను బెదిరించలేదు. నాకు కావాల్సిన మాటే నా చేతికిచ్చాడు. నేను రాశాను, భూమన్నకూ అదే చెప్పాను. ధర్పల్లికీ పోలేదు, ఊళ్ళో చుట్టాలకూ చెప్పలేదు. వాళ్ళ మొక్కలు అప్పటికి లేతవి. రోగం తేలిన కొన్నిటిని అప్పుడే పీకేసి ఉంటే మిగతావి బతికేవేమో. బతికేవని గట్టిగా చెప్పలేను. ప్రయత్నం చెయ్యనివ్వలేదని మాత్రం చెప్పగలను.

అలా ఒక ఏడాదికి పైగా గడిచింది. ఈ లోపు భూమన్న ఎవరో చెప్పారని మందుల షాపులో మనుషులు మింగే గొట్టం మాత్రలు తెచ్చి, నీళ్ళలో కలిపి, చెట్ల మొదళ్ళకు బెజ్జాలు వేసి పోశాడు. నాలుగు రోజులు చెట్టు తేరుకున్నట్టే కనపడేది. ఆయన మొహం వెలిగేది. అది చూసినప్పుడల్లా నేను మొహం చాటేసేవాణ్ణి.

గొడ్డలి

కొత్త చిగురు వచ్చిందంటే పసుపు రంగుతోనే వచ్చే రోజులొచ్చాయి. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. ఒకరోజు పొద్దున తోటలో నిలబడి భూమన్నకు నిజం చెప్పాను. అన్నీ తియ్యాలన్నాను. ఆయన పక్క చెట్టు కొమ్మ ఒకటి వంచి కాయలు చూశాడు.

"ఇంక కాస్తున్నయ్ గద సారూ కొన్ని."

"కాస్తున్నవి కూడా పోతాయి భూమన్నా. ఉంచితే చుట్టుపక్కల వాటికీ తగులుతుంది."

"కాసే చెట్టును కొట్టుమంటే చెయ్యి ఎట్ల లేస్తది?"

లేచింది. ఏం చేస్తాడు! మొదట సారు చెట్టు మీదే వేశాడు. లసుమవ్వ అడ్డు రాలేదు. బావి గట్టున కూర్చుని, నేను చెప్పిన ముప్పై ఏళ్ళను ఒకసారి నాకు గుర్తు చేసింది, అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

మధ్యాహ్నం దాటాక, చెట్లు ఇంకా పడుతుండగానే ధర్పల్లి నుంచి రాజన్న దిగాడు. ఆయన తోట కూడా అప్పటికే సగం పసుపు తిరిగి ఉంది. ఏర్గట్లలో రోగమొచ్చి బత్తాయి కొట్టేస్తున్నారని ఎవరో ఫోన్లో చెబితే బస్సెక్కి వచ్చాడు. గొడ్డలి చూశాడు, బావమరిది లెక్కన ఒక పలకరింపు కూడా లేదు.

"రోగమున్న చెట్టని నీకు ఎరుకేనా బావా? ఎరుకుండే ఇచ్చినవా పుల్లలు?"

భూమన్న గొడ్డలి కింద పెట్టాడు. "ఎరుకుంటే నా తోటల ఎందుకు ఉంచుకుంట?"

"గట్లైతే ఏడాదిసంది నీ చెట్లు ఎండుతుంటే ఎందుకు చెప్పలే? నీ తోట పోయింది, మా తోట గూడ పోవాల్నని చూసినవా? విత్తనమిచ్చినట్టిచ్చి విషమిచ్చినవ్ గదనే!"

భూమన్న నా వైపు చూశాడు. నన్ను చూపించలేదు, నా పేరెత్తలేదు. ఊరికే చూశాడు. పుల్లలు కోసింది నేను, ఏడాది నోరు మూసుకున్నది నేను, పరీక్షలో రోగం తేలిన సంగతి భూమన్నకు ఆ పొద్దున్నే తెలిసింది. ఈ మూడు మాటలు చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నాకు ఆ మధ్యే చేతికొచ్చిన సెల్‌ఫోన్ జేబులో ఉంది. అది మోగలేదు. మోగినట్టు తీసి చెవి దగ్గర పెట్టుకుని, "ఆ సార్, వస్తున్నా సార్" అంటూ గట్టు దాటి జీపు దగ్గరికి నడిచాను.

కొత్తగా చేరినవాళ్ళు ఈ ఒక్క పేరా గుర్తుంచుకుంటే చాలు. తెలియక జింకు అనడం తప్పే, కానీ ఆ తప్పు రేపు మీరూ చేస్తారు. దాన్ని ఇంకొకడి నెత్తిన వదిలి జీపెక్కడం తప్పు కూడా కాదు, అది వేరే పేరున్న పని.

విత్తనం కుప్ప

కొన్నాళ్ళకు రిటైరయ్యాను. శాలువా కప్పారు. రైతు బాంధవుడు అన్నారు.

ఆ తర్వాత ఒక ఎండాకాలం ఏదో పని మీద ఏర్గట్ల మీదుగా పోతూ స్కూటర్ ఆపాను. భూమన్న మళ్ళీ పసుపులోకి వచ్చాడు. దుంపకుళ్ళు లేకుండా బ్రహ్మాండంగా పండిందట. పసుపు ఉడకబెట్టడం అయిపోయింది. కొట్టం నీడన విత్తనం కుప్ప పోసి, ఎండుటాకు కప్పి, మట్టి మెత్తి పెట్టాడు. ఆ కుప్ప అవసరానికి మించి పెద్దగా ఉంది.

"ఇంత విత్తనం ఎందుకు భూమన్నా?" అన్నాను.

"ఎవలన్న అడుగుతరేమో అని పెట్టిన సారూ, ఎప్పటి లెక్కనే. ఎవలు అడుగుతలేరు. తమ్ముడు గూడ బజార్ల కొన్నడు. నా చేతి విత్తనమంటే భయపడుతున్నరు."

"పసుపుకు ఆ రోగం రాదు కదా. చెప్పలేకపోయావా?"

"నా మాట ఎవలింటరు?"

లసుమవ్వ గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. మనిషి చిక్కిపోయింది. అన్నగారి కొడుకు పెళ్ళికి పిలుపు రాలేదని చెప్పింది. పుట్టిల్లు చూసి ఎన్నేళ్ళయిందో లెక్క కూడా చెప్పింది. ఎన్నాళ్ళ నుంచో గొంతులో ఉన్న మాట అప్పుడు బయటికొచ్చింది.

"ఆ రోజు రాజన్న ముందర నా పేరు ఎందుకు చెప్పలేదు భూమన్నా? పుల్లలు కోసింది నేనని నువ్వు చెబితే అయిపోయేది."

భూమన్న కుప్ప మీది మట్టి పగులును చేత్తో మెత్తుతూనే జవాబిచ్చాడు.

"నువ్వే చెప్తవని చూసిన సారూ."

కోపంగా అనలేదు. అడిగాను కాబట్టి చెప్పాడు. వచ్చేటప్పుడు కుప్ప పక్క నుంచి కొన్ని కొమ్ములు సంచిలో వేసి స్కూటరుకు తగిలించాడు. "నీకు పెరడున్నది గద, నువ్వన్న పెట్టుకో" అన్నాడు. ఆ ఏడు ఆయన చేతి విత్తనం తీసుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

పెరట్లో పెట్టాను. ప్రతి వానాకాలం మొలుస్తుంది. ఆకు తెంపి, నడిమి ఈనె దగ్గర మడిచి చూస్తాను. అవసరం లేదని తెలుసు, అయినా చూస్తాను. రెండు సగాలూ ఒకేలా ఉంటాయి.

ఇదంతా ఇక్కడ రాయడం తేలికగానే ఉంది. చెప్పాల్సిన మనిషి ధర్పల్లిలో ఉన్నాడు. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి ఇంటికి తిరిగి రావచ్చు. ఇప్పటిదాకా పోలేదు.